లప్పం చారల విమానం: 1/48 మెస్సర్‌ష్మిట్ 262 మోడల్ డైరీ

ఏప్రిల్, కిట్ ఇంటికొచ్చాక

ప్లాస్టిక్ మోడళ్ల పిచ్చి ఉన్నవాళ్లలో మెస్సర్‌ష్మిట్ 262 జోలికి వెళ్లనివాళ్లు తక్కువ. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ విమానం, యుద్ధంలోకి దిగిన తొలి జెట్ ఫైటర్ కదా. అయితే అందరూ కట్టేది ఇంచుమించు ఒకేలా ఉంటుంది. పైన ఆకుపచ్చా గోధుమా కలిసిన రంగులు, పక్కల చిలకరించినట్టు మచ్చలు, ముక్కు దగ్గర ఒక అంకె. వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్న 'పసుపు 7' మోడళ్లయితే ఎన్ని చూశానో లెక్కలేదు. ఎయిర్‌బ్రష్‌తో (గాలితో రంగు చిమ్మే పెన్ను లాంటిది) ఆ మచ్చలు వేయడం సరదాగానే ఉంటుంది, కాదనను. ఈసారి మాత్రం నా మనసు వేరేదాని మీద పడింది.

నేను కడుతున్నది క్రమసంఖ్య 111711 విమానం, అసలు దానిలో 48వ వంతు సైజులో. దానికి అసలు రంగే వేయలేదు.

దాని కథ చెప్పేస్తాను. 1945 మార్చి ఆఖరు. అమెరికన్ సేనలు రైన్ నది దాటి లోపలికి వచ్చేస్తున్నాయి. నైరుతి జర్మనీలో ష్వేబిష్ హాల్ పట్నం పక్కనే హెసెన్‌టాల్ విమానాశ్రయం ఉంది. అక్కడ తయారై నిలబడ్డ 262లు శత్రువు చేతిలో పడకుండా వెంటనే వేరే చోటికి తీసుకుపోవాలని ఆదేశం వచ్చింది. ఆ పని మీద విమానం ఎక్కినవాళ్లలో హన్స్ ఫే ఒకడు. మెస్సర్‌ష్మిట్ కంపెనీలో టెస్ట్ పైలట్. అతని సొంతూరు అప్పటికే అమెరికన్ల అధీనంలోకి వెళ్లిపోయింది, కాబట్టి ఇంట్లోవాళ్ల మీద ఎవరూ కక్ష తీర్చుకోలేరు. ఫే చెప్పిన చోటికి పోకుండా, అమెరికన్ల చేతిలో ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్ రైన్-మైన్ విమానాశ్రయంలో దిగేశాడు. మిత్రపక్షాలకు చెక్కుచెదరకుండా దొరికిన మొదటి 262 అదే.

దొరికిందే తడవుగా అమెరికన్లు దాన్ని అన్నివైపుల నుంచీ ఫొటోలు తీశారు. నన్ను పట్టుకున్నది ఆ ఫొటోలే. ఒళ్లంతా వట్టి అల్యూమినియం రేకు. రేకూ రేకూ కలిసిన ప్రతిచోటా లప్పం పెట్టి లాగేసిన చారలు. ఫ్యూజ్‌లాజ్, అంటే విమానం ఒళ్లు, దాని చుట్టూ కట్లు కట్టినట్టు అడ్డంగా కొన్ని, పొడుగునా కొన్ని. యుద్ధం బాగా నడిచిన రోజుల్లో అయితే వాటి మీద ప్రైమరూ రంగూ పడి ఏమీ కనిపించేవి కావు. ఇక్కడ ఆ టైమ్ లేదు. రంగు దాచిపెట్టేవన్నీ దీని మీద బయటే ఉన్నాయి. ఏ ముక్క ఎక్కడ అతికారు, ఎక్కడ సందు మిగిలింది, దాన్ని ఎలా పూడ్చారు, అన్నీ చూపుకి ఆనుతాయి. మచ్చల రంగు వేసిన ఏ 262 కంటే ఇదే ఎక్కువ చెబుతుందని నా నమ్మకం.

కాక్‌పిట్

ఇక్కడ పెద్దగా రాయడానికేం లేదు. లోపలంతా నలుపుకి దగ్గరగా ఉండే ముదురు బూడిదరంగు. అసలు విమానంలో కాక్‌పిట్ ఒక తొట్టిలా విడిగా తయారై ఫ్యూజ్‌లాజ్‌లో కూర్చునేది, కిట్‌లో కూడా అలాగే ఇచ్చారు. డయళ్లలో ఇంజన్‌కి సంబంధించినవన్నీ జంటలే, ఎడమ ఇంజన్‌కి ఒకటి, కుడిదానికి ఒకటి. వాటి అంచులకు సన్నటి కుంచెతో లేత బూడిద తగిలించి, అద్దాల మీద ఒక్కో చుక్క మెరిసే వార్నిష్ పెట్టాను. సీటు బెల్టులు కిట్‌లో లేవు. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం కోసి చేసుకున్నాను.

ముక్కులో బరువు

262కి ముందు చక్రం ఉంటుంది. ఇలాంటి మోడళ్లలో ముక్కులో బరువు పెట్టకపోతే తోక మీద కూలబడతాయి. గాలాలు అమ్మే కొట్లో సీసం గుండ్లు తెచ్చి, సుత్తితో చదును చేసి, తుపాకుల గది కింద, ముందు చక్రం గూడు పక్కన, ఎక్కడ సందు దొరికితే అక్కడ ఎపాక్సీతో అంటించాను. రెండు సగాలనూ టేప్‌తో కలిపి, రెక్కలూ ఇంజన్లూ తాత్కాలికంగా నిలబెట్టి, పెద్ద చక్రాలు వచ్చే చోట రెండు పెన్సిళ్ల మీద ఆనించి చూడటమే పరీక్ష. ముక్కు నిదానంగా కిందికి దిగితే సరిపోయినట్టు. అతికించేశాక మళ్లీ బరువు దూర్చడానికి దారుండదు కాబట్టి కావాల్సినదానికంటే ఒక గుండు ఎక్కువే పెట్టాను.

ఈ బరువు గొడవ అసలు విమానాన్నీ వదల్లేదు. 262 రెక్కలు వెనక్కి వాలి ఉండటం చూసి, ధ్వని వేగం గురించి ముందే లెక్కలు వేసి అలా గీశారనుకుంటారు చాలామంది. నిజానికి మొదట్లో ఆ వాలు వచ్చింది బరువు వల్ల. ఇంజన్లు అనుకున్నదానికంటే బరువు తేలేసరికి గురుత్వ కేంద్రం తప్పింది. దాన్ని సరిచేయడానికి రెక్కల బయటి భాగాన్ని వెనక్కి వాల్చారు. చివరికి ముందంచు వాలు 18.5 డిగ్రీల దగ్గర నిలిచింది.

ముందు చక్రం కూడా మొదటి నుంచీ ఉన్నది కాదు. తొలి నమూనాలకు తోక కింద చక్రం ఉండేది. 1942 మార్చి 25న మొదటి నమూనాకు రెండు బీఎండబ్ల్యూ జెట్ ఇంజన్లు బిగించి లేపితే, నేల వదలగానే రెండూ ఆగిపోయాయి. ముందుజాగ్రత్తగా ముక్కులో ఉంచిన పాత పిస్టన్ ఇంజనే ఆ రోజు పైలట్ ఫ్రిట్జ్ వెండెల్‌ను బతికించింది. జూలై 18న లైప్‌హైమ్‌లో మూడో నమూనా పూర్తిగా జెట్ బలంతో లేచింది, నడిపింది మళ్లీ వెండెలే. తోక నేల మీద ఉన్నంతసేపూ రెక్కల చాటున పడి ఎలివేటర్లకు (తోక దగ్గర, విమానాన్ని పైకీ కిందికీ వంచే పలకలకు) గాలి అందేది కాదు, స్టిక్ ఎంత నొక్కినా తోక లేవదు. దాంతో గంటకు 180 కిలోమీటర్ల వేగంలో ఉండగా బ్రేకులు ఒక్కసారి తాకించాడు. ఆ కుదుపుకి తోక లేచింది, విమానమూ లేచింది. రన్‌వే అయిపోవస్తుంటే బ్రేక్ మీద కాలు వేయడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. ఆ తర్వాతే ముందు చక్రం పెట్టారు.

గీతలు పూడ్చడం

కిట్ తయారీదారులు రేకుల కలయికలన్నిటినీ చక్కగా గీతలుగా చెక్కి ఇచ్చారు. మామూలుగా అయితే ఆ గీతల కోసమే డబ్బులు పెడతాం. కానీ 111711 మీద ఆ కలయికల్లో చాలావాటిని లప్పం మూసేసింది. అక్కడ గీత కనిపించకూడదు, దాని బదులు చార కనిపించాలి. అంటే ముందు కిట్ గీతల్ని పూడ్చి నున్నగా చేయాలి, తర్వాత సరిగ్గా అదే చోట లప్పం చార రావాలి.

ఏవి పూడ్చాలి, ఏవి ఉంచాలి అన్నది నిర్ణయించడానికే ఎక్కువ టైమ్ పట్టింది. ఫొటోలు పెద్దవి చేసి ప్రింట్ తీసి, కిట్ డ్రాయింగ్ మీద ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టుకున్నాను. తీయడానికి వీలుండాల్సిన తలుపులు, అంటే తుపాకుల మూతలు, ఇంజన్ల మూతలు, ఇంధనం పోసే మూతలు, వీటి చుట్టూ లప్పం పెట్టరు, పెడితే తెరవలేరు. అవి అలాగే ఉంచాను. శాశ్వతంగా అతికినవన్నీ చిక్కటి సర్ఫేసర్‌తో (మోడళ్ల మీద సందులు పూడ్చే ప్రైమర్) నింపి, 800 వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 2000 దాకా రుద్దాను. ముక్కులో నాలుగు 30 మిల్లీమీటర్ల ఎంకే 108 ఫిరంగులూ ముచ్చటగా ఇచ్చారు కిట్‌లో. వాటి మూతలు తెరిచి చూపించాలనే ఆశ కొంచెం ఉండేది. తెరిస్తే పక్కనున్న చారల వరస తెగిపోతుంది. మూసేశాను. ఫిరంగులు విడిభాగాల డబ్బాలోకి వెళ్లిపోయాయి.

ఆటోనగర్

చారల్ని రంగుతో వేయాలా, నిజం లప్పంతోనే వేయాలా? ఈ సందేహంతో విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన టింకరింగ్ షెడ్డుకి వెళ్లాను. అక్కడ పెయింటర్‌కి ముప్పై ఏళ్లుగా లారీ క్యాబిన్ల మీద లప్పం పెట్టడమే పని. జేబులోంచి ఒక పాత మోడల్ రెక్క తీసి చూపిస్తే అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంటండీ, ఈ ముక్కకా లప్పం?"

"అవునన్నా. అర మిల్లీమీటరు మందం కూడా ఉండకూడదు."

"ఎన్‌సీ పుట్టీ అయితే పల్చగా లాగొచ్చండీ. కానీ ఇది ప్లాస్టిక్కు కదా, థిన్నర్ తగిల్తే ఉడికిపోద్ది."

అంటూనే చిన్న రేకుముక్క మీద కాస్త పుట్టీ తీసుకుని రెక్క మీద ఒక్క లాగు లాగాడు. ఆ లాగుడు చూడాలి. రేకును దాదాపు పడుకోబెట్టి, మొదట్లో కొంచెం నొక్కి, చివర తేల్చేశాడు. చార మొదట్లో వెడల్పుగా, అంచు గీసినట్టుగా ఉంది. చివరికొచ్చేసరికి చీలి, కింది ప్లాస్టిక్ కనిపించేంత పల్చబడింది. పక్కన రేకు అంచు రాసుకుపోయి రెండు సన్నటి గీతలు పడ్డాయి. 111711 ఫొటోల్లో ఉన్నది సరిగ్గా ఇదే! ఇన్నాళ్లూ ఆ చారల అంచులు ఎందుకు ఒకవైపు గట్టిగా, ఇంకోవైపు తేలిపోయినట్టు ఉన్నాయో అర్థం కాలేదు. అది ఫొటో లోపం కాదు, చేతి లాగుడు. ఏ చార ఎటునుంచి ఎటు లాగారో చాలాచోట్ల చెప్పేయొచ్చు.

ఆయన అన్నట్టే ఇంటికొచ్చేసరికి లప్పం మందంగా పడ్డ చోట ప్లాస్టిక్ మెత్తబడింది. సందేహం తీరింది. రంగుతోనే వేయాలి, కాకపోతే ఆ లాగుడు రావాలి. వచ్చేటప్పుడు ఆయన ఇంకో మాట చెప్పాడు: "ఈ ఎండలకి రిటార్డర్ కలపకుండా కొట్టకండి, రంగు గాల్లోనే ఎండిపోద్ది." సీసా కూడా ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు.

ఇంజన్లు

యూమో 004. యూంకర్స్ కంపెనీలో అన్సెల్మ్ ఫ్రాంజ్ నాయకత్వంలో తయారైన ఇంజన్. ఎనిమిది అంచెల కంప్రెసర్, ఆరు దహన గదులు, ఒకే అంచె టర్బైన్, 900 కిలోల తోపు. కాగితం మీద బ్రహ్మాండం. కానీ నికెల్, కోబాల్ట్, క్రోమియం లాంటి లోహాలకి జర్మనీలో కటకట. దహన గదుల్ని మామూలు ఉక్కు రేకుతో చేసి పైన అల్యూమినియం పూత పూసి సరిపెట్టారు. ఫలితం, ఇంజన్ ఆయుష్షు బాగుంటే పాతిక గంటలు, లేకపోతే పది. థ్రాటిల్ గబుక్కున తోస్తే మంట ఆరిపోవడమో ఇంజన్ కాలిపోవడమో ఖాయం. అందుకే దిగేటప్పుడు 262 నిస్సహాయంగా ఉండేది, వేగం తగ్గాక మళ్లీ పుంజుకోవడానికి చాలాసేపు పట్టేది. అమెరికన్ ఫైటర్లు ఆ సమయం కోసమే విమానాశ్రయాల చుట్టూ కాపు కాసేవి.

నాకు ఇష్టమైన భాగం గాలి లోపలికి పోయే నోటి దగ్గర ఉంది. మధ్యలో గుండ్రటి మొన, దాని కొసన చిన్న రింగు. ఆ మొన లోపల రీడెల్ అనే రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ ఇంజన్ కూర్చుని ఉంటుంది. పెద్ద ఇంజన్‌ను మొదట తిప్పి లేపేది అదే. మామూలుగా కరెంటుతో స్టార్ట్ అవుతుంది, మొరాయిస్తే రింగు పట్టుకుని తాడు లాగాలి. కరెంటు కోతల కాలంలో కొట్ల ముందు పెట్టుకున్న చిన్న జనరేటర్ని లాగినట్టే. గంటకు 870 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం, దానికి తాడు స్టార్టర్! కిట్‌లో రింగు బదులు చిన్న బొడిపె ఇచ్చారు. దాన్ని చెక్కేసి, పాత ఇయర్‌ఫోన్ వైరులోని సన్నటి రాగి తీగను సూది చుట్టూ చుట్టి, ఒక చుట్టు కోసి అంటించాను. ఎవరైనా మోడల్ చూస్తామంటే ముందు ఆ రింగే చూపిస్తానని ఇప్పుడే తెలుస్తోంది.

వెనక గొట్టాల లోపల మాడిన ఉక్కు రంగు వేశాను, బాగా పల్చగా. ఈ విమానం కొత్తది. నెలల తరబడి తిరిగినట్టు మసి పూస్తే అబద్ధం అవుతుంది.

మే, లోహం రంగు

లోహపు లక్కర్ కింద మెరిసే నలుపు ఉండాలి, ఆ నలుపు అద్దంలా ఉండాలి. వెంట్రుకవాసి గీత ఉన్నా పైన వెండిరంగు పడ్డాక పదింతలై కనిపిస్తుంది. మే నెల బెజవాడలో ఎయిర్‌బ్రష్ పట్టుకోవడం ఎంత సుఖమో చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున, ఎండ పైకి రాకముందే, ఫ్యాన్ ఆపి పని. రిటార్డర్ నిజంగా కాపాడింది. రెండు చుక్కలు పడేసరికి రంగు పొడిపొడిగా రాలడం మానేసి, పరుచుకుని ఆరింది. దుమ్ము పడకుండా ప్లాస్టిక్ టబ్బు బోర్లించి పెట్టాను. ఇంట్లో ఆ టబ్బు కోసం ఒక రోజంతా వెతికారట.

నలుపు మీద అల్యూమినియం లక్కర్ పల్చటి పొరలుగా పోయాలి. ఒక్కసారిగా తడిపేస్తే నలుపు లోతు పోతుంది. అసలు విమానం ముక్కు భాగం ఉక్కుది కాబట్టి అక్కడ కొంచెం ముదురు, మెరుపు తక్కువ. మిగతా ఒంటి మీద రేకు రేకుకీ చిన్న తేడా ఉండాలి గానీ చదరంగం బల్ల కాకూడదు. రెండు మూడు చోట్ల మాత్రం టేప్ వేసి ఒక చుక్క నలుపు కలిపిన వెండి ఊదాను. తర్వాత రంగు గట్టిపడటానికి మోడల్‌ని పక్కన పెట్టేశాను. ఇక్కడ తొందరపడితే చారల కోసం వేసే టేప్ మొత్తం లేపుకుని వచ్చేస్తుంది.

చారలు

మొత్తం ప్రాజెక్టు దీని కోసమే.

కొలత ముందు. అసలు మీద చార సుమారు ఐదు సెంటీమీటర్లు అనుకుంటే, 48తో భాగిస్తే మిల్లీమీటరు. రెండు టేపు ముక్కలు సమాంతరంగా వేసి మధ్యలో మిల్లీమీటరు సందు వదలాలి. టేపు జిగురు తగ్గించడానికి ముందు అరచేతికి నాలుగుసార్లు అంటించి తీశాను. కానీ రెండువైపులా టేపు వేస్తే రెండు అంచులూ గీసినట్టు వస్తాయి, పెయింటర్ లాగిన చారలో ఒక అంచే గట్టిది. అందుకని ఒకవైపు టేపు గట్టిగా నొక్కి, రెండోవైపు అంచును గోటితో కొంచెం లేపి వదిలాను. రంగు ఆ కిందికి పాకి అంచు మెత్తబడింది. చార చివర్లు టేపు తీశాక, 2000 పేపర్‌ని అగ్గిపుల్ల కొసకి చుట్టి, లాగుడు దిక్కులోనే నెమ్మదిగా గీకాను. కింది లోహం అక్కడక్కడా బయటపడింది.

రంగు కలిపింది ఇలా: లేత బూడిద, దాంట్లో కొద్దిగా ఆకుపచ్చ, ఇంకా కొద్దిగా పసుపు, అంతా పూర్తి మాట్. లోహం మెరుపు పక్కన మెరుపు లేకుండా పడి ఉండటమే చారకి ప్రాణం. ఎయిర్‌బ్రష్‌తో కాకుండా స్పాంజి ముక్కతో అద్దాను, మందం సమానంగా రాకూడదని. ఫ్యూజ్‌లాజ్ కింద చదునైన భాగంలో చారలు ఎక్కువ, అక్కడ పని చాలా నెమ్మదిగా సాగింది. 262 ఒళ్లు అడ్డకోతలో ఇంచుమించు త్రికోణం, ఆ అడుగున వెడల్పంతా పెద్ద చక్రాలు దాక్కోవడానికే. చార పక్క నుంచి అడుగుకి మలుపు తిరిగే చోట టేపు మడతపడుతుంది. అక్కడ టేపు బదులు సాగే వినైల్ టేపు వాడాను.

ఇంత దగ్గరగా, ఒక్కో చారా చూస్తూ కూర్చుంటే, ఇవి ఎవరు లాగారన్న ప్రశ్న రాకుండా ఉండదు.

మిత్రపక్షాల బాంబు దాడులకి ఆగ్స్‌బర్గ్, రేగెన్స్‌బర్గ్ ఫ్యాక్టరీలు దెబ్బతిన్నాక 262 తయారీని ముక్కలు ముక్కలు చేసి అడవుల్లోకి, సొరంగాల్లోకి మార్చారు. రెక్క ఒకచోట, ఒళ్లు ఒకచోట, కలపడం ఇంకోచోట. స్టుట్‌గార్ట్ దగ్గర లియోన్‌బర్గ్‌లో హైవే సొరంగాన్ని మూసేసి లోపల 262 రెక్కలు చేయించారు. చేసినవాళ్లు నిర్బంధ శిబిరం ఖైదీలు, నాట్స్‌వైలర్ శిబిరానికి అనుబంధంగా అక్కడే పెట్టిన క్యాంపులో ఉంచినవాళ్లు. పన్నెండేసి గంటల షిఫ్టులు. ఆస్ట్రియాలో గూసెన్ దగ్గర బెర్గ్‌క్రిస్టాల్ అనే భూగర్భ ఫ్యాక్టరీలో ఫ్యూజ్‌లాజ్‌లు చేయించారు, అక్కడా ఖైదీలే. ఫే విమానం ఎక్కిన హెసెన్‌టాల్‌లోనూ 1944 అక్టోబర్ నుంచి నాట్స్‌వైలర్ అనుబంధ శిబిరం ఒకటి నడిచింది. ఖైదీల్లో ఎక్కువమంది పోలండ్ యూదులు. బాంబులు పడి గుంతలైన రన్‌వేని పూడ్చడం వాళ్ల పనుల్లో ఒకటి. అంటే 111711 పరుగెత్తి లేచిన నేలని పూడ్చింది వాళ్లే. ఫే వెళ్లిపోయిన కొద్ది రోజులకే, 1945 ఏప్రిల్‌లో, శిబిరం ఖాళీ చేసి ఖైదీల్ని డాఖావ్ నిర్బంధ శిబిరం వైపు నడిపించారు. దారి పొడుగునా మనుషులు చచ్చిపోయారు.

మా మోడలర్లకు ఒక అలవాటుంది. థర్మామీటర్ డయల్ ఎడమ పక్కనా కుడి పక్కనా అని గంటలకొద్దీ వాదించుకుంటాం, ఈ సంగతి మాత్రం 'రాజకీయం' అని పక్కకి తోసేస్తాం. నాకు అది ఒప్పదు. రేకుల మధ్య సందులు, తొందర తొందరగా లాగిన లప్పం, వేయని రంగు, ఇవన్నీ ఆ తయారీ పద్ధతి నుంచి వచ్చినవే. చార అంచు సరిగ్గా రావాలని ఇంత తాపత్రయపడేవాడికి అది తెలియకపోతే ఎలా?

మొత్తం మీద 1,400 పైచిలుకు 262లు తయారయ్యాయి. యుద్ధంలోకి దిగినవి వాటిలో కొద్ది భాగమే. ఇంధనం లేదు, పైలట్లు లేరు, విడిభాగాలు రైళ్లలోనే కాలిపోయేవి.

గుర్తులు

ఈ విమానం మీద గుర్తులు కొన్నే. శిలువలు, తోక మీద క్రమసంఖ్య, స్వస్తిక. స్వస్తిక డెకాల్ (నీళ్లలో నానబెట్టి అతికించే పల్చటి స్టిక్కర్) కిట్‌లో రెండు సగాలుగా వచ్చింది. జర్మనీ చట్టాల వల్ల కంపెనీలు చాలావరకు ఇలాగే ఇస్తాయి, లేదా అసలు ఇవ్వవు. కొందరు మోడలర్లు వేయకుండా వదిలేస్తారు. నేను వేశాను. ఆ ఫొటోల్లో ఉంది, ఆ ప్రభుత్వం కోసమే ఆ విమానం తయారైంది, తీసేస్తే ఎవరి పరువు కాపాడినట్టు?

డెకాల్ నీళ్లలో నానుతుండగా తొమ్మిదో క్లాసు చదివే మా మేనకోడలు వచ్చి నిలబడింది. "మావయ్యా, ఇది మన గుమ్మం మీద పసుపుతో వేసేదే కదా, ఎందుకిలా వాల్చి పెట్టారు?" అంది. హిట్లర్ పార్టీ జెండా సంగతి చెప్పాను, ఆ తర్వాత హెసెన్‌టాల్ సంగతీ చెప్పాల్సి వచ్చింది. అంతా విని, "మరి కింద చెక్క మీద పేరు రాస్తావు కదా, అది కూడా రాస్తావా?" అని అడిగింది. నేను విమానం పేరు, నంబరు, ఫే పేరు మాత్రమే అనుకున్నాను. ఇప్పుడు పలకలో ఇంకో రెండు వరసలు కలిశాయి: హెసెన్‌టాల్ శిబిరం, లియోన్‌బర్గ్ సొరంగం, సంవత్సరాలు. పలక పొడుగు పెంచాల్సి వచ్చింది, చెక్క మళ్లీ కోయించాను.

డెకాల్స్ లోహం రంగు మీద అతకడం కొంచెం తలనొప్పి. చుట్టూ పారదర్శకంగా ఉండే ఫిల్మ్ మెరుస్తుంది. శిలువల చుట్టూ ఫిల్మ్‌ని కొత్త బ్లేడుతో అంచు దాకా కోసేసి, మెత్తబరిచే ద్రావణం రెండు పూతలు వేస్తే చారల ఎత్తుపల్లాల మీద కూడా సర్దుకుని పడుకున్నాయి.

జూన్ ఆఖరు

చక్రాలు, తలుపులు, కనోపీ (కాక్‌పిట్ మీది అద్దం మూత) బిగించాను. ముందు చక్రం మీద నిలబడింది, సీసం గుండ్లు పనిచేశాయి. పైన వార్నిష్ వేయలేదు. వేస్తే లోహం మెరుపూ లప్పం మాట్ తేడా రెండూ చచ్చిపోతాయి. చక్రాలకు మాత్రం కాస్త దుమ్ము, రైన్-మైన్‌లో దిగినందుకు.

అసలు విమానం ఇప్పుడు లేదు. విడదీసి అమెరికా తీసుకెళ్లి, ఒహాయోలోని రైట్ ఫీల్డ్‌లో మళ్లీ బిగించి ఎగరేశారు. 1946 ఆగస్టులో జీనియా ఊరి దగ్గర కూలిపోయింది, పైలట్ పారాషూట్‌తో బయటపడ్డాడు. కాబట్టి మ్యూజియంకి వెళ్లి చారలు లెక్కపెట్టి నన్ను తప్పుపట్టేవాళ్లు ఎవరూ ఉండరు, ఉన్నది ఆ ఫొటోలే.

ఇంక మిగిలింది తోక కొస నుంచి కనోపీ వెనక దాకా పోయే యాంటెన్నా తీగ ఒక్కటే. స్ప్రూ (కిట్ భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) ముక్కని కొవ్వొత్తి మీద వేడిచేసి సాగదీస్తే వెంట్రుకలా వస్తుంది, కానీ ఈ తేమకి రెండు రోజుల్లో వదులైపోతోంది, అందుకని సాగే నైలాన్ దారం తెప్పిస్తున్నాను. తర్వాతి కిట్ కూడా కొనేశాను: రెండు సీట్ల రాత్రి ఫైటర్, దక్షిణాఫ్రికా జొహన్నెస్‌బర్గ్ మ్యూజియంలో ఉన్న 'ఎరుపు 8'. దాని ముక్కు మీద కొమ్ముల్లా పొడుచుకొచ్చే రాడార్ యాంటెన్నాలు చూస్తుంటేనే టెన్షన్‌గా ఉంది. ఇంట్లో ఊడ్చేటప్పుడు ఎవరి కొంగైనా తగిలిందంటే అంతే.